ట్రాక్టరు ఫైనల్ డ్రైవ్ నిష్పత్తి మార్చవచ్చా? మెకానిక్ దగ్గరకు వెళ్లే ముందు రైతు వేసుకోవలసిన లెక్కలు

చిన్న రైతు ఇంట్లో ట్రాక్టరు ఒకటే ఉంటుంది. దుక్కి, దమ్ము, రోటావేటరు, విత్తనం, పంట ఇంటికి చేర్చడం అన్నీ దానితోనే. పొలం పని లేని రోజుల్లో ట్రాలీ తగిలించి కిరాయికి తిప్పుతారు. అక్కడే ఒక ఆలోచన మొదలవుతుంది. రోడ్డు మీద ఇంకాస్త స్పీడు ఉంటే రోజుకు మరో ట్రిప్పు వేయవచ్చు కదా అని. మెకానిక్‌ను అడిగితే "క్రౌన్, పినియన్ సెట్టు మార్చేద్దాం, టాప్ గేరులో బాగా పరుగెడుతుంది" అంటాడు. మరికొందరు వెనుక పెద్ద టైర్లు వేయిస్తారు. పాత ట్రాక్టరు కొన్నవారికైతే ఇంతకు ముందు యజమాని ఏం మార్పించాడో కూడా తెలియదు.

ఈ మార్పులన్నీ చేసే పని ఒక్కటే. ఇంజను ఎన్ని చుట్లు తిరిగితే వెనుక చక్రం ఒక చుట్టు తిరుగుతుంది, ఆ ఒక్క చుట్టుకు బండి ఎంత దూరం నడుస్తుంది అనే లెక్కను మార్చడం. ఈ లెక్క అర్థమైతే డబ్బు ఖర్చు పెట్టాలా వద్దా అన్నది మీరే తేల్చుకోగలరు. కావలసింది ఒక టేపు, ఒక సుద్దముక్క, సెల్‌ఫోన్‌లోని స్టాప్‌వాచ్.

ముందుగా ఒక్క మాట గుర్తుంచుకోండి. గేర్లు శక్తిని పుట్టించవు. ఇంజను ఇచ్చిన శక్తినే అవి స్పీడుగానో లాగుడుగానో పంచుతాయి. స్పీడు ఎంత పెంచితే లాగుడు అంత తగ్గుతుంది.

ఫైనల్ డ్రైవ్ అంటే ఏమిటి?

ఇంజను తిరుగుడు వెనుక చక్రానికి చేరేలోగా మూడు చోట్ల నెమ్మదిస్తుంది.

1. గేర్‌బాక్సు: మీరు లీవరుతో మార్చే గేర్లు ఇవి. ఏ గేరు వేస్తే ఆ నిష్పత్తి.

2. క్రౌన్ వీల్, పినియన్: డిఫరెన్షియల్ పెట్టెలో ఉంటాయి. చిన్న పినియన్ పెద్ద క్రౌన్ వీల్‌ను తిప్పుతుంది. ఇక్కడే తిరుగుడు పక్కలకు మళ్లి రెండు చక్రాల వైపు వెళుతుంది.

3. చక్రం దగ్గరి చివరి గేర్లు: చాలా ట్రాక్టర్లలో ఇవి బుల్ పినియన్, బుల్ గేరు. కొన్నిటిలో ప్లానెటరీ గేర్లు ఉంటాయి. అసలు ఫైనల్ డ్రైవ్ అంటే ఇదే.

వాడుకలో మాత్రం రెండో, మూడో అంచెలను కలిపి ఫైనల్ డ్రైవ్ అనేస్తుంటారు. ఈ రెండు అంచెలూ మీరు ఏ గేరులో ఉన్నా పనిచేస్తూనే ఉంటాయి. అందుకే వీటిలో పళ్ల లెక్క మారిస్తే టాప్ గేరు ఒక్కటే మారదు. దుక్కి గేరు, దమ్ము గేరు, రివర్స్ గేరు అన్నీ ఒకేసారి మారిపోతాయి. రోడ్డు కోసం మార్పించినవారు ఆ తరువాత పొలంలో ఇబ్బంది పడేది ఇందువల్లే.

పళ్ల లెక్క

లెక్క తేలికగా ఉండడానికి ఒక ట్రాక్టరును ఊహించుకుందాం. ఈ అంకెలు ఏ ఒక్క కంపెనీవీ కావు. మీ బండి అంకెలు మీ మాన్యువల్లో ఉంటాయి.

పినియన్‌కు 8 పళ్లు, క్రౌన్ వీల్‌కు 36 పళ్లు ఉన్నాయనుకోండి. 36ను 8తో భాగిస్తే 4.5. బుల్ పినియన్‌కు 12 పళ్లు, బుల్ గేరుకు 60 పళ్లు. 60ని 12తో భాగిస్తే 5. ఈ రెండింటినీ గుణిస్తే 22.5. దుక్కి గేరులో గేర్‌బాక్సు నిష్పత్తి 4 అయితే మొత్తం 90. అంటే ఇంజను 90 చుట్లు తిరిగితే చక్రం ఒక చుట్టు తిరుగుతుంది.

ఇంజను నిమిషానికి 2000 చుట్లు తిరుగుతుంటే చక్రం సుమారు 22 చుట్లు తిరుగుతుంది. 13.6-28 సైజు వెనుక టైరు బరువు మీద ఒక చుట్టుకు సుమారు 3.9 మీటర్లు నడుస్తుంది. ఆ లెక్కన నిమిషానికి సుమారు 87 మీటర్లు, గంటకు 5.2 కి.మీ. రెక్క నాగలికీ గొర్రుకూ సరిపోయే వేగం. అదే బండిలో టాప్ గేరు నిష్పత్తి 0.8 అయితే గంటకు 26 కి.మీ. వస్తుంది.

ఇప్పుడు 8 పళ్ల పినియన్ ఉన్న సెట్టు తీసి, 10 పళ్ల పినియన్, 36 పళ్ల క్రౌన్ ఉన్న సెట్టు వేశారనుకోండి. నిష్పత్తి 4.5 నుంచి 3.6కు దిగుతుంది. ఫలితం ఇలా ఉంటుంది:

- టాప్ గేరు వేగం 26 నుంచి 32.5 కి.మీ.కు పెరుగుతుంది.
- దుక్కి గేరు వేగం 5.2 నుంచి 6.5 కి.మీ.కు పెరుగుతుంది.
- ప్రతి గేరులోనూ చక్రం దగ్గర లాగుడు నూటికి 20 వంతులు తగ్గుతుంది. ఇంజను సత్తా మేరకు ఇదివరకు 1000 కిలోల బలంతో లాగగలిగిన చోట ఇప్పుడు 800 కిలోలే.

పొలంలో ఏం జరుగుతుంది?

దుక్కి: నల్లరేగడిలో నాగలి దించగానే ఇంజను కుంగుతుంది, పొగ గొట్టం నుంచి నల్లపొగ వస్తుంది. మీరు ఒక గేరు తగ్గిస్తారు. గేర్ల మధ్య దూరం మారదు కాబట్టి ఆ కింది గేరు మరీ నెమ్మది కావచ్చు. ఇదివరకు హాయిగా దున్నిన 5.2 కి.మీ. వేగం మీ గేర్లలో ఎక్కడా దొరకకపోవచ్చు. ప్రతిసారీ క్లచ్ మీద సగం కాలు వేసి బరువు కదిలించవలసి వస్తే క్లచ్ ప్లేటు త్వరగా కాలిపోతుంది.

రోటావేటరు: పీటీఓ తిరుగుడు ఇంజను నుంచి వస్తుంది. క్రౌన్, పినియన్ మార్చినా 540 చుట్లు 540గానే ఉంటాయి. కానీ బండి నడక పెరిగిపోతుంది. రోటావేటరు రోటరు నిమిషానికి 200 చుట్లు తిరుగుతూ, ఒక వరుసలో మూడు బ్లేడ్లు కోస్తున్నాయనుకుందాం. బండి గంటకు 2.4 కి.మీ. నడిస్తే ఒక్కో బ్లేడు సుమారు 6.7 సెం.మీ. మట్టిని కోస్తుంది. 3 కి.మీ. నడిస్తే 8.3 సెం.మీ. కోస్తుంది. గడ్డ పెద్దదవుతుంది, బ్లేడు మీదా గేర్‌బాక్సు మీదా భారం పెరుగుతుంది. నెమ్మదిగా నడపడానికి యాక్సిలరేటరు తగ్గిస్తే పీటీఓ చుట్లు కూడా తగ్గిపోతాయి. కాబట్టి ఈ చిక్కు థ్రాటిల్‌తో తీరదు. రెండో సాలు వేయవలసి వస్తుంది, డీజిలు రెట్టింపవుతుంది.

దమ్ము: బురదలో మీకు కావలసింది నెమ్మదైన గేరు, నిలకడైన లాగుడు. అన్నిటికన్నా కింది గేరు కూడా వేగంగా మారితే దిగబడిన చోట మీకు మిగిలే ఆధారం ఉండదు. అలాంటప్పుడు ఒక్కసారిగా క్లచ్ వదిలి బలవంతం చేస్తే చక్రం కదలక ట్రాక్టరు ముందు భాగం పైకి లేస్తుంది. డ్రైవర్లు ట్రాక్టరు కింద పడే ప్రమాదాల్లో ఇది ముఖ్యమైన కారణం. ఏ ట్రాక్టరైనా సరే, దిగబడితే పనిముట్టు విప్పి రివర్స్‌లో వెనక్కు తీయండి. చక్రాల కింద దుంగలు కట్టి ముందుకు లాగవద్దు.

విత్తనం: విత్తన గొర్రు గంటకు 3 నుంచి 5 కి.మీ. మధ్య నడిస్తే గింజ సరిగా పడుతుంది. ఆ వేగం దొరకకపోతే మొలకలో ఖాళీలు కనిపిస్తాయి.

రోడ్డు మీద ఏం జరుగుతుంది?

గంటకు 26 కి.మీ. వేగంలో బండి సెకనుకు సుమారు 7 మీటర్లు పోతుంది. 32.5 కి.మీ. అయితే 9 మీటర్లు. బ్రేకు తొక్కాక బండి ఆగడానికి పట్టే దూరం వేగానికి వేగంతో గుణించినంతగా పెరుగుతుంది. వేగం నాలుగో వంతు పెరిగితే ఆగే దూరం ఒకటిన్నర రెట్లు దాటుతుంది. వెనుక టన్నుల బరువున్న ట్రాలీ ఉంటుంది. చాలా ట్రాలీలకు సొంత బ్రేకులు ఉండవు. ట్రాక్టరు బ్రేకే రెండింటినీ ఆపాలి.

ఇంకో సంగతి చాలామందికి తెలియదు. చాలా ట్రాక్టర్లలో బ్రేకులు చక్రం మీద కాకుండా బుల్ పినియన్ షాఫ్టు మీద ఉంటాయి. బ్రేకు పట్టిన బలం బుల్ గేరు వల్ల పెరిగి చక్రానికి చేరుతుంది. అలాంటి బండిలో బుల్ గేరు నిష్పత్తి తగ్గిస్తే బ్రేకు బలం కూడా అదే మేరకు తగ్గిపోతుంది. స్పీడు పెరిగింది, బ్రేకు తగ్గింది. పైగా పల్లంలో దిగేటప్పుడు గేరు పట్టి ఆపే బలం కూడా తగ్గుతుంది.

చట్టం సంగతి కూడా చూసుకోవాలి. తయారీదారు నిర్దేశించిన వివరాలకు భిన్నంగా వాహనంలో మార్పులు చేయరాదని మోటారు వాహనాల చట్టం, 1988లోని సెక్షన్ 52 చెబుతోంది. అనుమతి లేని మార్పు ఉన్నట్టు తేలితే ప్రమాదం జరిగినప్పుడు బీమా పరిహారం చిక్కుల్లో పడవచ్చు. కొత్త బండి అయితే వారంటీ కూడా పోవచ్చు.

ఫోర్ వీల్ డ్రైవ్ ట్రాక్టరు ఉన్నవారికి ప్రత్యేక హెచ్చరిక

ఫోర్ వీల్ డ్రైవ్ ట్రాక్టరులో ముందు టైర్లు చిన్నవి, వెనుక టైర్లు పెద్దవి. రెండూ ఒకే సమయంలో దాదాపు ఒకే దూరం నడిచేలా కంపెనీ ముందు, వెనుక గేర్లను జత చేస్తుంది. ముందు చక్రాలు నూటికి 1 నుంచి 5 వంతులు ఎక్కువ నడిచేలా పెడతారు. అప్పుడే ముందు చక్రం లాగుతుంది.

చాలా మోడళ్లలో ముందు యాక్సిల్‌కు వెళ్లే తిరుగుడును క్రౌన్ వీల్ కంటే ముందే తీసుకుంటారు. కాబట్టి వెనుక క్రౌన్, పినియన్ ఒక్కటే మారిస్తే వెనుక చక్రాలు వేగంగా, ముందు చక్రాలు పాత వేగంతో తిరుగుతాయి. పై ఉదాహరణలో ఆ తేడా నాలుగో వంతు. రెండూ ఒకదానితో ఒకటి పెనుగులాడి టైర్లు అరిగిపోతాయి, షాఫ్టులు తెగుతాయి, గేర్లు విరుగుతాయి. ఫోర్ వీల్ డ్రైవ్ ట్రాక్టరులో వెనుక నిష్పత్తి మార్చమని ఎవరు సలహా ఇచ్చినా ఒప్పుకోవద్దు.

ఈ జత సరిగా ఉందో లేదో మీరే చూసుకోవచ్చు. మట్టి బాట మీద, ఎదురుగా మనుషులు లేని చోట, తిన్నగా నడుపుతూ చేయండి.

1. ముందు, వెనుక చక్రాల మీద సుద్దతో గీత పెట్టండి. ముందు చక్రాన్ని నాలుగు లేదా ఎనిమిది భాగాలుగా గుర్తు పెడితే లెక్క కచ్చితంగా వస్తుంది.

2. ఫోర్ వీల్ లీవరు తీసేసి, వెనుక చక్రం 20 చుట్లు తిరిగేలోగా ముందు చక్రం ఎన్ని చుట్లు తిరిగిందో లెక్కించండి. ఉదాహరణకు 28.

3. లీవరు వేసి మళ్లీ అదే పని చేయండి. ఉదాహరణకు 28.8.

4. రెండింటి తేడా 0.8. దాన్ని 28తో భాగించి 100తో గుణిస్తే 2.9. అంటే ముందు చక్రం నూటికి సుమారు 3 వంతులు ముందుంది. బాగుంది.

ఈ అంకె సున్నాకు దగ్గరగా వచ్చినా, లీవరు వేసినప్పుడు చుట్లు తగ్గినా జత చెడిందని అర్థం. 5 దాటినా మంచిది కాదు. లెక్కించే మనిషి చక్రానికి ఆనుకొని నడవకుండా పక్కకు దూరంగా ఉండాలి. తారు రోడ్డు మీద ఫోర్ వీల్ లీవరు వేసి నడపవద్దు. గట్టి నేల మీద చక్రం జారదు, ఆ ఒత్తిడంతా గేర్ల మీద పడుతుంది.

టైరు సైజు మారిస్తే?

టైరు కూడా ఒక గేరు లాంటిదే. చుట్టుకొలత పెరిగితే ఒక చుట్టుకు ఎక్కువ దూరం నడుస్తుంది. అయితే మార్పు చిన్నది. 13.6-28 టైరు మొత్తం ఎత్తు సుమారు 131 సెం.మీ., 14.9-28 టైరు ఎత్తు సుమారు 136.5 సెం.మీ. తేడా నూటికి 4 వంతులు. 26 కి.మీ. వేగం 27 అవుతుంది, అంతే. స్పీడు కోసం ఇది చేయించుకోవడంలో అర్థం లేదు. వెడల్పు టైరు వల్ల నేల మీద పట్టు పెరుగుతుంది, మట్టి తక్కువ గట్టిపడుతుంది. ఆ లాభం కోసమైతే ఆలోచించవచ్చు.

ముందుగా చూసుకోవలసినవి:

- మీ మోడల్‌కు ఆ సైజును కంపెనీ అనుమతించిందా అని మాన్యువల్లో చూడండి.
- రిమ్ము వెడల్పు ఆ టైరుకు సరిపోవాలి. ఇరుకు రిమ్ముకు వెడల్పు టైరు వేస్తే పక్కలు పగులుతాయి.
- మడ్‌గార్డుకు, లింకులకు తగలకుండా ఖాళీ ఉండాలి.
- ఫోర్ వీల్ డ్రైవ్ అయితే వెనుక ఒక్కటే పెంచకూడదు. ముందు చక్రం నూటికి 3 వంతులు ముందున్న బండికి వెనుక 4 వంతులు పెంచితే ముందు చక్రం వెనుకబడుతుంది. లాగడం మాని ఈడ్చుకుపోతుంది.

టైరు అరుగుదల కూడా ఇలాగే పనిచేస్తుంది. టైరు లగ్గు ఒక అంగుళం అరిగితే చుట్టుకొలత సుమారు 16 సెం.మీ. తగ్గుతుంది. 3.9 మీటర్ల టైరుకు అది నూటికి 4 వంతులు. ముందు టైర్లు బోడిగా ఉంచి వెనుక మాత్రమే కొత్తవి వేసినా జత చెడిపోతుంది. ఫోర్ వీల్ డ్రైవ్ ఉన్నవారు టైర్లు మార్చిన ప్రతిసారీ పైన చెప్పిన సుద్ద గీతల పరీక్ష చేసుకోండి.

పాత ట్రాక్టరు కొంటున్నారా? 100 మీటర్ల పరీక్ష

ఇంతకు ముందు యజమాని నిష్పత్తి మార్పించాడేమో తెలుసుకోవడానికి పెట్టె విప్పనక్కరలేదు.

చదునైన బాట మీద టేపుతో 100 మీటర్లు కొలిచి రెండు చోట్ల గుర్తు పెట్టండి. మాన్యువల్లో గేర్ల వేగాల పట్టిక ఉంటుంది. అది ఎన్ని ఇంజను చుట్లకు ఇచ్చారో చూసి, మీటరులో సరిగ్గా అన్ని చుట్లు పెట్టండి. దుక్కి గేరులో, మొదటి గుర్తుకు పది మీటర్ల ముందే బయలుదేరి, గుర్తు నుంచి గుర్తుకు ఎన్ని సెకన్లు పట్టిందో చూడండి. 360ని ఆ సెకన్లతో భాగిస్తే గంటకు కి.మీ. వస్తుంది.

69 సెకన్లు పడితే 5.2 కి.మీ. 55 సెకన్లు పడితే 6.5 కి.మీ. పట్టికలో 5.2 అని ఉండి మీకు 6.5 వస్తే ఆ బండిలో ఏదో మార్చారు. టైరు అరుగుదల వల్ల వచ్చే తేడా నూటికి 4, 5 వంతుల లోపే ఉంటుంది. అది కూడా వేగం తగ్గే వైపే. 10 వంతులు దాటితే నిష్పత్తి మారిందనో, టైరు సైజు మారిందనో, మీటరు తప్పనో అనుకోవాలి. ముందు టైరు మీద ముద్రించిన సైజు చూడండి. తరువాత మీటరును నమ్మకమైన చోట సరిచూపించండి. ఆ రెండూ సరిగా ఉంటే మార్పు పెట్టె లోపలే ఉంది. అలాంటి బండి ధర ఎంత తగ్గించినా చిన్న రైతుకు గిట్టదు. మళ్లీ పాత సెట్టు వేయించాలంటే పెట్టె మొత్తం విప్పాలి.

మాన్యువల్ దొరకకపోతే మధ్యప్రదేశ్‌లోని బుద్నీలో ఉన్న కేంద్ర వ్యవసాయ యంత్రాల శిక్షణ, పరీక్షా సంస్థ ఇచ్చే ట్రాక్టర్ల పరీక్షా నివేదికల్లో గేర్ల వేగాలు ఉంటాయి. మీ మండల వ్యవసాయాధికారిని అడిగితే వెతికి చెబుతారు.

క్రౌన్, పినియన్ నిజంగా అరిగిపోతే

అరిగినవి మార్చక తప్పదు. బరువు పడినప్పుడు వెనుక నుంచి ఊళ లాంటి మోత రావడం, ఆయిల్ తీసినప్పుడు ఇనుప రజను కనిపించడం, క్లచ్ వదిలినప్పుడు వెనుక 'టక్' మని కొట్టుకోవడం దాని గుర్తులు. అప్పుడు ఇవి పాటించండి:

1. తీసిన గేర్ల పళ్లను మీ ఎదుటే లెక్కించి రాసుకోండి. కొత్త సెట్టు పళ్లు అంతే ఉండాలి. ఒక్క పన్ను తేడా ఉన్నా వద్దు.

2. క్రౌన్ వీల్, పినియన్ ఫ్యాక్టరీలో జతగా ఒరిపిడి చేసి తయారవుతాయి. రెండింటి మీదా జత నంబరు చెక్కి ఉంటుంది. రెండూ ఒకే నంబరువి కావాలి. ఒకటి పాతది, ఒకటి కొత్తది కలపకూడదు.

3. పళ్ల మధ్య సందు, బేరింగు బిగువు మాన్యువల్లో చెప్పిన కొలతకు రావాలి. దీన్ని షిమ్ములు వేసి డయల్ గేజీతో చూస్తారు. గేజీ లేకుండా చేతి అంచనాతో బిగించే చోట ఈ పని చేయించవద్దు.

4. పాత ఆయిల్ తిరిగి పోయనివ్వకండి. కంపెనీ చెప్పిన గ్రేడు ఆయిల్ పోయించండి.

5. బిల్లులో పార్టు నంబరు రాయించుకోండి. రేపు బండి అమ్మేటప్పుడు అదే మీకు సాక్ష్యం.

దమ్ము సీజను అయిపోగానే వెనుక పెట్టె ఆయిల్ చూసుకోండి. పాలు కలిపిన టీ రంగులో ఉంటే నీరు చేరిందని అర్థం. సీలు మార్పించి కొత్త ఆయిల్ పోయించండి. గేర్లు అరగడానికి తడి ఆయిలే పెద్ద కారణం. దమ్ము చక్రాలు మరీ బయటకు పొడుచుకొచ్చేలా తగిలిస్తే యాక్సిల్ బేరింగు మీద, బుల్ గేరు మీద భారం పెరుగుతుంది. యాక్సిల్‌కు వీలైనంత దగ్గరగా బిగించండి.

మార్పు కంటే ముందు చేయవలసినవి

బండి లాగడం లేదు అనిపించినప్పుడు ఒక ప్రశ్న వేసుకోండి. ఇంజను కుంగుతోందా, చక్రం జారుతోందా?

చక్రం జారుతుంటే తప్పు గేరుది కాదు. బరువు చాలడం లేదు, లేదా టైరు అరిగింది, లేదా గాలి ఎక్కువగా ఉంది. జారుడును కొలవండి. నాగలి పైకెత్తి చక్రం 10 చుట్లలో ఎంత దూరం పోయిందో చూడండి, 38 మీటర్లు అనుకోండి. అదే నేలలో నాగలి దించి 10 చుట్లకు 33 మీటర్లు వస్తే తేడా 5. దాన్ని 38తో భాగిస్తే నూటికి 13 వంతుల జారుడు. 8 నుంచి 15 వరకు మామూలే. అంతకు మించితే వెనుక చక్రాలకు ఇనుప బరువులు వేయండి లేదా టైర్లలో నీరు నింపించండి. పొలం పనికి తగిన గాలి పెట్టండి.

ఇంజను కుంగుతుంటే ముందు ఎయిర్ క్లీనరు, డీజిలు ఫిల్టరు చూడండి. నాగలి లోతు, వెడల్పు మీ హెచ్‌పీకి తగినవో చూడండి. అరిగిన నాగలి కర్రు లాగుడును పెంచుతుంది. ఇవన్నీ సరిగా ఉంటే ఒక గేరు తగ్గించండి.

ఖాళీ ట్రాలీ, తేలిక గొర్రు వంటి తక్కువ బరువు పనుల్లో ఒక గేరు పెంచి యాక్సిలరేటరు తగ్గించండి. నడక అంతే ఉంటుంది, డీజిలు మిగులుతుంది. పీటీఓ పనుల్లో మాత్రం ఇలా చేయకూడదు. అక్కడ మీటరులో 540 గుర్తు దగ్గరే ఉంచాలి. ఎకానమీ పీటీఓ ఉన్న బండి అయితే తేలిక పనులకు దాన్ని వాడుకోండి.

కిరాయి కోసం స్పీడు కావాలనుకునేవారు ఒక లెక్క వేయండి. పది కిలోమీటర్ల దూరానికి 26 కి.మీ. వేగంలో 23 నిమిషాలు, 32.5 కి.మీ. వేగంలో 18న్నర నిమిషాలు పడుతుంది. ఆదా నాలుగున్నర నిమిషాలు. అది కూడా దారి అంతా టాప్ గేరులో, ఫుల్ స్పీడుతో పోగలిగితేనే. గ్రామాల రోడ్లు, మలుపులు, స్పీడు బ్రేకర్ల మధ్య అది సాధ్యం కాదు. ఎక్కించడం, దించడం దగ్గర మరో కూలీని పెట్టుకుంటే అంతకంటే ఎక్కువ సమయం మిగులుతుంది.

రైతులు తరచుగా అడిగే ప్రశ్నలు

కొత్త ట్రాక్టరు కొంటున్నాను. రోడ్డుకూ పొలానికీ పనికివచ్చేది ఎలా ఎంచుకోవాలి?
హెచ్‌పీ ఒక్కటే చూడకండి. గేర్ల వేగాల పట్టిక అడగండి. గంటకు 2 నుంచి 7 కి.మీ. మధ్య ఎన్ని గేర్లు ఉన్నాయో లెక్కించండి. పొలం పని అంతా అక్కడే జరుగుతుంది. కొన్ని కంపెనీలు ఒకే హెచ్‌పీలో వేరు వేరు గేర్‌బాక్సులతో, వేరు టైర్లతో మోడళ్లు ఇస్తాయి. కూరగాయల నాట్లు, పైపుల పని ఉంటే క్రీపర్ గేరు ఉన్నది చూడండి.

లాగుడు పెరగడానికి నిష్పత్తి పెంచితే మంచిదే కదా?
లాగుడు పెరిగినా అది చక్రం పట్టుకు లోబడే ఉంటుంది. బరువు చాలని బండికి లాగుడు పెంచితే చక్రం మరింత జారుతుంది. గేర్లు, యాక్సిల్ తట్టుకునే బలానికీ ఒక హద్దు ఉంటుంది. కంపెనీ దాన్ని లెక్క చూసే నిష్పత్తి పెట్టింది.

నా బండి మీటరులో వేగం సరిగా చూపడం లేదు. ఎందుకు?
పాత ట్రాక్టర్ల మీటరు ఇంజను చుట్లనే కొలుస్తుంది. వేగం అంకెలు అసలు టైరుకు, అసలు నిష్పత్తికి లెక్కగట్టి ముద్రించినవి. ఏది మార్చినా ఆ అంకెలు తప్పుతాయి. 100 మీటర్ల పరీక్షనే నమ్మండి.

చివరగా

క్రౌన్, పినియన్ అరిగితే అవే పళ్లున్న జతను వేయించండి. టైరు మారిస్తే చుట్టుకొలత చూసి మార్చండి. స్పీడు కోసం మాత్రం ఫైనల్ డ్రైవ్‌ను ముట్టుకోకండి. రోడ్డు మీద మిగిలే నాలుగు నిమిషాలకు పొలంలో సంవత్సరమంతా మూల్యం చెల్లించవలసి వస్తుంది.

ట్రాక్టరు నడపడం, నిర్వహణలో శిక్షణ కావలసినవారు అనంతపురం జిల్లా గార్లదిన్నెలోని దక్షిణ ప్రాంత వ్యవసాయ యంత్రాల శిక్షణ, పరీక్షా సంస్థను సంప్రదించవచ్చు. సందేహాలుంటే దగ్గరలోని కృషి విజ్ఞాన కేంద్రంలో లేదా మండల వ్యవసాయాధికారిని అడగండి. కిసాన్ కాల్ సెంటర్ 1800-180-1551 నంబరుకు ఫోన్ చేసి తెలుగులోనే మాట్లాడవచ్చు. వెళ్లేటప్పుడు మీ ట్రాక్టరు మోడల్, టైర్ల సైజు, 100 మీటర్లకు పట్టిన సెకన్లు ఒక కాగితం మీద రాసుకుని వెళ్లండి. ఆ మూడు అంకెలు చేతిలో ఉంటే సలహా ఇచ్చేవారికి పని తేలికవుతుంది, మీకు సరైన జవాబు దొరుకుతుంది.